గోరు పడని ఆనపకాయ

మొన్న పూర్ణా మార్కెట్‌లో ఆనపకాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలి గోరు దానంతట అదే కాయ మీదికి వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. గుచ్చలేదు. కొట్టువాడు నా వైపు చూసి, "సూసుకోండమ్మా, లేతదే" అన్నాడు. గోరు గుచ్చకుండా ఆనపకాయ కొనే ఆడమనిషిని వాడు ఎక్కడ చూసి ఉంటాడు. నాకు ముదురుకాయ ఇంటికి తేవడం గిట్టదు, డబ్బిచ్చి మరీ తేవడం అసలు గిట్టదు. అయినా గుచ్చలేదు. తూకం వేయించి సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇంట్లో ఆనపపాదు పెట్టుకుని కూడా బజారులో కొనాల్సి వచ్చింది. ఈ ఏడు పాదు డాబా మీదికంతా పాకింది గానీ ఒక్క పిందె నిలబెట్టలేదు. ఆ పాదు తాలూకు మనిషే మొన్న నా గోరుని ఆపింది. ఆవిడ పోయి చాలాకాలమైంది.

పేరు రాయను. బతికి ఉండగా కూడా ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. నాకు అప్ప. ఇటువైపు అక్కని అప్ప అంటారు. మా గోదావరి వైపు ఆ పిలుపు లేదు, ఇక్కడికి వచ్చాక ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

మా ఆయనకి రేవులో ఉద్యోగం వచ్చి మేం విశాఖపట్నం చేరింది డెబ్భైల మొదట్లో. క్వార్టర్ ఇచ్చారు. మా పెరడూ వెనక క్వార్టర్ పెరడూ ఆనుకుని ఉండేవి, మధ్యలో గుండెల ఎత్తు గోడ. కాలవ గట్టున పుట్టినదాన్ని కదా, ఈ ఎర్రమట్టీ గులకరాళ్ళూ చూసి ఇక్కడ ఏం మొలుస్తుందిలే అనుకున్నాను. అంట్లు తోముకోవడానికీ బట్టలు ఆరేసుకోవడానికీ సరిపోతుందనుకున్నాను. ఒకరోజు పొద్దున్న బియ్యం కడిగిన నీళ్ళు తూములో పోస్తుంటే గోడ అవతల నుంచి గొంతు వినబడింది.

"సెల్లీ, ఆ నీళ్ళేటి పాపం సేసినాయి, కాలవలో పోసీసినావు?"

తలెత్తి చూశాను. గోడ మీద ఒక నల్లటి మొహం, ముక్కుకి రెండువైపులా పుడకలు, పెదాల మధ్య చుట్ట. ఆ చుట్ట నిప్పు నోటి లోపలికి, చివర బయటికి. అడ్డపొగ అంటారు. అది నేను చూడటం అదే మొదలు. మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయాను. వెళ్ళాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. అరిగిన చీపురు కూడా పారెయ్యని మనిషిని, నాకు పారబోయవద్దని ఇంకొకరు చెప్పడమా అని రోషం. మర్నాడు ఆ నీళ్ళు గిన్నెలో పట్టి గోడ మీద పెట్టాను. సాయంత్రం గిన్నె తిరిగొచ్చింది, లేత బీరకాయలతో. మేం కూర్చుని మాట్లాడుకున్నది ఆ తర్వాత చాలా రోజులకి. స్నేహం మాత్రం ఆ గిన్నెతోనే మొదలైంది.

ఆవిడ పిందెని వేలితో చూపించేది కాదు. వేలు చూపిస్తే పిందె రాలిపోతుందని మా అమ్మమ్మ కూడా అనేది. మావాళ్ళు ఆ మాట అనేవాళ్ళు, మర్చిపోయేవాళ్ళు. ఈవిడ మర్చిపోయేది కాదు. వేళ్ళన్నీ మడిచి పిడికిలితో చూపించేది. ఆ అలవాటు పెరడు దాటి వీధిలోకి కూడా వచ్చేసింది. బస్సు వస్తోందన్నా పిడికిలే, చంద్రుడు పొడిచాడన్నా పిడికిలే. డాక్టరు నొప్పి ఎక్కడమ్మా అంటే, పొట్ట మీద పిడికిలి పెట్టి చూపించిందట, గుద్దుకుంటోందనుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాడట. మా పిల్లలు చిన్నప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తితే చాలు, పెద్దమ్మ మొత్తుతుందని పరుగు.

రేవు వైపు నుంచి గాలి తిరిగిన రోజు మా వీధంతా ఎర్రదుమ్ము, ఓడల్లోకి ఎత్తే ఇనుపరాయి దుమ్ము. ఆరేసిన పంచెలు కాషాయం రంగుకి వచ్చేవి. నేను సణుక్కుంటూ మళ్ళీ ఉతుక్కునేదాన్ని. ఆవిడ బట్టల మొహం చూసేది కాదు. తడిగుడ్డ తీసుకుని ఆనపాకులు తుడవడానికి కూర్చునేది. అడుగున అరచెయ్యి పెట్టి, పైన మెల్లగా, జలుబు చేసిన పిల్ల ముక్కు తుడిచినట్టు. "ఆకు ఆయాసపడతంది సూడు" అనేది. నేను చూస్తే ఆకు మామూలుగానే కనిపించేది. తుడిచిన తర్వాత తేడా తెలిసేది.

కాల్చి పారేసిన చుట్టముక్కలు ఒక పాత డబ్బాలో నీళ్ళలో నానేవి. ఆ నీళ్ళు చిక్కుడుకి పేను పట్టినప్పుడు చల్లడానికి. చేపలు కడిగిన నీళ్ళు బీరపాదుకి. ఆ కంపుకి నేను కిటికీ మూసేదాన్ని, బీరకాయలు వచ్చినప్పుడు తెరిచేదాన్ని. కూర మాత్రం ముందుగా కోసి పెట్టుకునేది కాదు. పొయ్యి మీద ఎసరు మరిగాక, అప్పుడు కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. ముందే కోసి మూల పడేస్తే కాయ దిగులు పడుతుందట, దిగులుపడ్డ కాయ కూరలో ఉడకదట. నవ్వాను గానీ, ఆవిడ పెట్టిన ఆనపకాయ పులుసు ముక్క నోట్లో వేసుకున్నాక మళ్ళీ నవ్వలేదు. నేనూ ఎసరు మరిగాకే కోయడం మొదలుపెట్టాను.

చూస్తూ ఉండగా నా పెరట్లోనూ వంగ, బెండ, గోంగూర, తోటకూర లేచాయి. బెండకాయ లేతది ఒకటి అక్కడికక్కడే కొరికి, చేతులు చీరకి తుడుచుకుని ఇంట్లోకి వస్తే, ఆ పూట ఎవరు ఏమన్నా కోపం వచ్చేది కాదు. బీరకాయ కూరకి, పొట్టు పచ్చడికి, కడిగిన నీళ్ళు మళ్ళీ పాదుకి. ఉల్లిపాయలకీ బంగాళాదుంపలకీ తప్ప నేను బజారు మొహం చూసేదాన్ని కాదు. పండించుకున్న కూర బాగుంటుందని అందరూ అంటారు. నాకైతే కొనని కూర అన్న సంగతే ఇంకా బాగుండేది.

ఆవిడకి ఒళ్ళు మండే పని ఒక్కటే ఉండేది. గోరు. ఒకసారి పూర్ణా మార్కెట్‌కి నాతో వచ్చి ఆనపకాయల గుట్ట దగ్గర నిలబడిపోయింది. ఒక్కో కాయ మీద నెలవంకల్లా గోటి గాట్లు. "మొకం నిండా గోళ్ళే, సూడు సెల్లీ. ఒకళ్ళు గుచ్చి ఒగ్గేత్తే ఇంకొకళ్ళు. దాని ఉసురు తగలదేటి?" అంది. మరి లేతదో ముదురో ఎలా తెలుస్తుందని అడిగాను. కాయని ఎత్తి చెంపకి ఆనించుకుంది. లేతకాయకి సన్నటి నూగు ఉంటుంది, చెంపకి తెలుస్తుంది, చేతికి తెలియదు అంది. బజారు నడిమధ్యన కాయని చెంపకి ఆనించుకోవడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు.

ఒక ఏడు ఆవిడ ఆనపపాదు పందిరంతా అల్లుకుని కూడా కాయలేదు. ఆదివారం పొద్దున్న నన్ను గోడ ఎక్కి రమ్మంది. వెళితే చేతిలో పాత చీపురు. ఆవిడ తిడుతుందట, నేను పాదుకి అడ్డం పడాలట. వాళ్ళ అమ్మ అలాగే చేసేదట. ఒక్కరే తిడితే పాదు అలిగి ఊరుకుంటుంది, ఒకరు తిట్టి ఇంకొకరు పూచీ పడితే సిగ్గుపడి కాస్తుంది. ఇంత వయసొచ్చి ఇదేం ఆట అనుకున్నాను. ఆవిడ అప్పటికే మొదలుపెట్టేసింది.

"తింటన్నావు, తాగుతన్నావు, పందిరెక్కి కూకున్నావు. కాత్తావా, కోసీమంతావా?" అని చీపురుతో పాదు మొదట్లో తట్టింది.

నాకు నవ్వు వచ్చింది. ఆవిడ నవ్వడం లేదు. చీపురు పైకెత్తి నా మాట కోసం ఎదురుచూస్తోంది.

"ఈసారికి వదిలెయ్యప్పా, కాస్తుంది" అన్నాను.

"పూచీ ఎవులు?"

"నేనే."

"ఇనుకున్నావా?" అని పాదుతో అని, చీపురు దించింది.

కాసింది. చీపురుకి కాసిందో చేపనీళ్ళకి కాసిందో నాకు తెలియదు. పూచీ పడినందుకు ఆ ఏడంతా మా ఇంటికి ప్రతి కోతలోనూ ఒక కాయ వచ్చేది.

ఆ ఆనపకాయ బజారులో దొరికే రకం కాదు. పొట్టిగా, మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉంటుంది. ఆవిడ పుట్టింటి పొలం గట్టు మీద కాసిన రకం. ఆ ఊరు ఉక్కు కర్మాగారం కట్టే స్థలంలో కలిసిపోయింది. ఊళ్ళోవాళ్ళు తలో దిక్కుకీ వెళ్ళారు. తర్వాత కొడుక్కి ఆ కర్మాగారంలోనే పని వచ్చింది కాబట్టి ఆవిడ ఎవరినీ ఏమీ అనేది కాదు. "మా ఊరు ఇనుమైపోనాది" అని మాత్రం అనేది, అదీ నవ్వుతూనే. ఆ ఊరివాళ్ళు ఎవరు కనబడినా ఆ విత్తనం ఉందా అని అడిగేది. ఎవరి దగ్గరా లేదు. ఊరు తాలూకు ఆవిడ దగ్గర మిగిలింది ఆ గింజలే.

వాటిని ఎండిన ఆనపబుర్రలో బూడిదలో కలిపి, వంటింట్లో కట్టెలపొయ్యి మీద ఉట్టిలా వేలాడదీసేది. పొగ తగులుతూ ఉంటే పురుగు రాదు. ఎనభైల్లో కొడుకు గ్యాస్ పొయ్యి కొన్నాడు. ఆవిడ సిలిండరుకి పసుపు రాసి బొట్టు పెట్టి, వీధంతా పిలిచి చూపించింది, పిడికిలితో. గోడలకి సున్నం వేయించారు. వంటిల్లు తెల్లగా మెరిసింది. పొయ్యి పోయినప్పుడు పొగ కూడా పోయిందన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఆవిడకీ రాలేదు. తొలకరికి బుర్ర దించి చూస్తే బూడిదలో పొట్టు. పురుగు గింజగింజకీ కన్నం పెట్టింది. బాగున్నట్టు కనబడినవన్నీ నాటింది. ఒక్కటే మొలిచింది.

సరిగ్గా ఆ ఏడే ఆవిడ భర్త ఉద్యోగం అయిపోవడం, క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి రావడం. ఆ ఒక్క పాదు కాయాలి, ఒక్క కాయైనా తీగ మీదే ముదిరి ఎండాలి, అప్పుడే విత్తనం. పచ్చిగా కోస్తే గింజ మొలవదు.

దసరా ముందు తొలికాయ దిగింది. తొలికాయ విత్తనానికని ఆవిడ పాతచీర పేలిక దాని తొడిమకి కట్టింది. ఆ పేలిక కడితే మా వీధిలో ఎవరూ ముట్టుకోరు. ఎలమంచిలి నుంచి వచ్చిన ఆడపడుచుకి ఆ సంగతి తెలియదు. వదిన ఇల్లు ఖాళీ చేస్తోందని చూడటానికి వచ్చిన మనిషి, ప్రేమగా పెరడంతా తిరిగి, కాయ మీద గోరు గుచ్చి, "లేతగున్నాది వొదినా, పులుసెట్టు" అంది. నేను గోడ ఇవతల నిలబడి చూశాను. అప్ప మొహం పాలిపోయింది. ఆడపడుచుని ఏమంటుంది. పులుసు బజారు నుంచి తెప్పించిన కాయతో పెట్టి, కడుపునిండా తినిపించి, బస్సెక్కించి వచ్చింది. తర్వాత గోడ దగ్గరికి వచ్చి, "గోరు పడీసింది సెల్లీ" అంది. గోరు పడినచోట మచ్చ లేచింది, మచ్చ మెత్తబడింది, కాయ తీగ మీదే కుళ్ళిపోయింది.

తర్వాత కట్టిన పిందెలన్నీ రాలిపోయాయి. కార్తీకం వచ్చాక గోడ దాటి నా వైపుకి పాకిన కొసలో ఒక్కటి నిలిచింది. దానికి పేలిక కట్టడానికి ఆవిడ గోడ ఎక్కి వచ్చింది. అది ఎండేసరికి మాఘం అవుతుంది. ఖాళీ చెయ్యడానికి అంత గడువు లేదు. కొత్తగా వచ్చేవాళ్ళు పెరడంతా చదును చేసి రాళ్ళు పరిపించుకుంటామని ముందే చెప్పి వెళ్ళారు. పాదు మొదలేమో అటు, కాయేమో ఇటు.

అప్ప ఒక పూటంతా తీగ పొడుగునా కణుపులు తడుముతూ తిరిగింది. మర్నాడు గునపం తీసుకుని నా పెరట్లోకి వచ్చింది. కాయకి కాస్త వెనకగా తీగని నేలకి వంచి, కణుపు దగ్గర ఆకు తీసేసి, గొయ్యి తవ్వి, ఆ కణుపుని పశువుల పేడ కలిపిన మట్టితో కప్పి, మీద రాయి పెట్టింది. తీగ పాతితే కుళ్ళిపోదా అన్నాను. "ఒక తల్లి కాడ పాలు తాగీదాన్ని ఇంకో తల్లికి అలవాటు సేత్తన్నాను. ఏడుత్తాది, తాగుతాది" అంది. అప్పటినుంచి రోజూ బియ్యం కడిగిన నీళ్ళు ఆ రాయి పక్కన పోయడం నా పని.

సామాను లారీ రేపు వస్తుందనగా, పొద్దున్నే కొడవలి పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. తన వైపు పాదు మొదలు తనే కోసేస్తానంది. ఎలాగూ కొత్తవాళ్ళు కోస్తారు కదా, రేపటిదాకా ఆగితే ఏం పోయిందన్నాను.

"ఆళ్ళు కోసీసినాక బతికిందో సచ్చిందో నాకెవులు సెప్తారు? నా కళ్ళెదర తేలిపోవాల."

కోసింది. మొదట్లోంచి నీరు చుక్కలుగా కారింది. అది చూడకుండా గోడ దిగి నా పెరట్లోకి వచ్చి, బట్టలుతికే బండ మీద కూర్చుంది.

ఎండ ఎక్కేసరికి ఆకులు ఒక్కొక్కటే వేలాడిపోయాయి, పిండేసి ఆరెయ్యని గుడ్డల్లా. మిట్టమధ్యాహ్నానికి కాయ తొడిమ పక్కన ఉన్న లేత కొస కూడా వాలింది. నేను బిందెతో నీళ్ళు తెచ్చాను. వద్దంది. నీళ్ళు పోస్తే నీళ్ళకి లేచిందో వేరు పట్టి లేచిందో తెలియదు అంది. అన్నం కలిపి తెచ్చాను. ముట్టలేదు. నోట్లో చుట్ట ఉంది, వెలిగించలేదు. గోడ అవతల నుంచి వాళ్ళాయన, "ఓసి, మూటలు కట్టీదుందా నేదా?" అని కేకేశాడు. ఈవిడ బండ మీద నుంచి కదల్లేదు. ఆయన మళ్ళీ కేకెయ్యలేదు. కాసేపటికి అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆయన జీవితంలో గిన్నెలు సర్దడం అదే మొదలై ఉంటుంది.

నేను ఊరికే కూర్చునే మనిషిని కాదు. పనులన్నీ పెరట్లోకే తెచ్చుకున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరాను, చింతపండు గింజలు తీశాను. ఎండ గోడ దాటింది, రేవు వైపు నుంచి చల్లగాలి వచ్చింది. నాకేమీ కనబడలేదు గానీ ఆవిడ బండ మీద నుంచి లేచింది. పిడికిలి చాచింది.

"సూడు."

లేత కొస తల ఎత్తుతోంది. ముందు కొస, ఆ వెనక చిన్న ఆకు. దీపం పెట్టే వేళకి సగం ఆకులు నిలబడ్డాయి. రాయి పక్కన తీగని వేళ్ళతో మెల్లగా లాగి చూసింది. రాలేదు. "ఏరట్టీసుకుంది" అని, అప్పుడు అడిగింది, ఆ అన్నం ఇంకా ఉందా అని.

కొడుకు గాజువాక వైపు మేడ మీద వాటా తీసుకున్నాడు. మాఘంలో ఆవిడ సింహాచలం వెళ్ళి దర్శనం చేసుకుని, కొండ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. ముందు పెరట్లోకి, తర్వాత నా దగ్గరికి. కాయ కొయ్యలా ఎండి వేలాడుతోంది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది. నా చెవి దగ్గర కూడా పెట్టి ఊపింది. పగలగొట్టి గింజలు చాటలో పోసుకుని, చాలాసేపు చేత్తో అటూ ఇటూ కదిపింది. తర్వాత కాసిని కొంగున ముడేసుకుని, చాట నా ముందుకి తోసింది.

నేను వద్దన్నాను. నీ పుట్టింటి విత్తనం నాకెందుకు, తీసుకెళ్ళి పెట్టుకో అన్నాను.

"ఎక్కడెట్టను? మేడ మీద మట్టి నేదు, పొగ నేదు" అంది. "ఆ రోజు నువ్వే కదేటి పూచీ పడినావు. నన్ను కాదు సెల్లీ, పాదునడుగు."

పాదుని ఏం అడుగుతాను. తీసుకున్నాను. మా ఇంట్లోకి కూడా గ్యాస్ వచ్చింది గానీ, స్నానాలకి కాగే నీళ్ళపొయ్యి పెరట్లో ఉండేది. దాని మీద బుర్ర వేలాడదీశాను. క్వార్టర్ వదిలి సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు గీజరు పెట్టిస్తానని మా అబ్బాయి ఎంత చెప్పినా నీళ్ళపొయ్యి తియ్యనివ్వలేదు. కరెంటు ఖర్చని చెప్పాను. అదీ నిజమే. ఆవిడ కాళ్ళు ఆడినన్నాళ్ళూ ఏటా ఒకసారి వచ్చి, పందిరి కింద నిలబడి, కాయల్ని చెంపకి ఆనించుకుని వెళ్ళేది. ఆవిడ పోయాక కబురు తెచ్చిన కొడుకుని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. పెరట్లోకి తీసుకెళ్ళి కాయలు చూపించాను. వేళ్ళు మడిచే చూపించాను.

ఇన్నేళ్ళలో ఆ పాదు నాకు చీపురు పట్టే అవసరం రానివ్వలేదు. ఈ ఏడే.

మొన్న బజారు నుంచి తెచ్చిన కాయ కోస్తే ముదురు. గింజ తీసేసి పులుసు పెట్టాను, పారెయ్యలేదు. తిన్నాక చెయ్యి కడుక్కుని, మూల ఉన్న పాత చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. చుట్టూ ఎవరూ లేరు. నా భాషలోనే తిట్టాను గానీ చివరి మాట ఆవిడదే వచ్చింది. కాత్తావా, కోసీమంతావా అని మొదట్లో తట్టాను. తట్టి, చీపురు ఎత్తి ఆగాను. అప్పుడు తెలిసింది, అడ్డం పడేవాళ్ళు లేరని. ఎత్తిన చెయ్యి ఎలా దించాలో తోచలేదు.

మా కోడలు తడిబట్టలు తీసుకుని పెరట్లోకి వచ్చింది. దానికి ఈ సంగతులేవీ తెలియవు. నా చేతిలో చీపురూ నా మొహమూ చూసి, "వదిలెయ్యండి అత్తయ్యా పాపం, కాస్తుందిలెండి" అంది.

"పూచీ ఎవరు?" అన్నాను.

అది బకెట్ కింద పెట్టి, ఏం అడుగుతున్నానో అర్థం కాక, పాదు వంకా నా వంకా చూసింది. "నేనే, సరేనా?" అంది.

"విన్నావా?" అని పాదుతో అని, చీపురు దించాను.